కాస్కేడ్: ఒక మాట అర్థసంకోచం – నివేదికా రూపకల్పన సాఫ్ట్‌వేర్లలో శైలుల చరిత్ర

వ్యాససంగ్రహం:

కంప్యూటర్‌పై నివేదికలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో అక్షరాల రూపం, రంగు, అంచులు, అంకెల కూర్పు వంటివాటిని ఒకచోట నిర్ణయించి, అక్కడి నుంచి నివేదిక అంతటికీ ప్రసరింపజేసే పద్ధతిని కాస్కేడింగ్ శైలులు అంటున్నారు. ఈ పేరు 1994లో వెబ్ పత్రాల కోసం పుట్టింది. అప్పుడు దాని అర్థం రచయిత ఇష్టానికీ పాఠకుడి ఇష్టానికీ మధ్య సర్దుబాటు. పదేళ్ల తర్వాత నివేదికా సాఫ్ట్‌వేర్లలోకి వచ్చేసరికి పై అంశం నుంచి లోపలి అంశానికి దిగే వారసత్వంగా ఆ అర్థం కుదించుకుపోయింది. బర్ట్ అనే సాఫ్ట్‌వేరును ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఈ అర్థసంకోచాన్నీ, దానితోపాటు పాఠకుడు కోల్పోయిన స్థానాన్నీ, తెలుగు లిపి విషయంలో ఈ పద్ధతికి ఎదురైన ప్రత్యేక పరిస్థితినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాస్కేడ్, శైలి, వారసత్వం, నివేదిక, బర్ట్, ఉత్సర్గాపవాదాలు, యూనికోడ్, తెలుగు ఫాంట్లు.

1. ఉపోద్ఘాతం

ఒకప్పుడు ఏ వస్త్రానికైనా చెల్లిన ‘చీర’ అనే మాట నేడు స్త్రీలు కట్టుకొనే వస్త్రానికే పరిమితమైంది. అర్థసంకోచానికి మన భాషాశాస్త్ర పాఠాల్లో తరచుగా చూపే ఉదాహరణ ఇది. ఇలాంటి మార్పులు శతాబ్దాల మీద జరుగుతాయని అనుకోవడం అలవాటు. సాంకేతిక రంగంలో మాటలకు అంత వ్యవధి ఉండదు. కాస్కేడ్ అనే మాట విషయంలో ఆ మార్పు దాదాపు పదేళ్లలోనే పూర్తయింది.

కాస్కేడ్ అంటే మెట్లుమెట్లుగా దిగే జలపాతం. ఒక మెట్టు మీద పడిన నీరు అక్కడ కొంత నిలిచి, మిగిలినది కింది మెట్టుకు జారుతుంది. పత్రరూపకల్పనలో ఈ ఉపమానం రెండు వేర్వేరు వ్యవహారాలకు వాడబడింది. ఒకే అంశం మీద రెండు మూడు నియమాలు పోటీపడినప్పుడు ఏది చెల్లాలో తేల్చడం మొదటిది. దీనిని ఈ వ్యాసంలో ప్రాబల్యక్రమం అంటాను. ఒక అంశానికి ఇచ్చిన రూపం దానిలో ఇమిడిన చిన్న అంశాలకు తనంతట తాను సంక్రమించడం రెండవది. ఇది వారసత్వం. పుట్టినప్పుడు కాస్కేడ్ అన్నది మొదటిదానికి పేరు. నివేదికల రంగంలో అది ప్రధానంగా రెండవదానికి పేరైంది.

ఇది సాంకేతిక నిపుణుల గొడవ కదా అని తెలుగు అధ్యాపకులు పక్కన పెట్టదగినది కాదు. కళాశాలల్లో న్యాక్ కోసం సమర్పించే స్వీయ అధ్యయన నివేదిక మొదలు పరీక్షల విభాగం వెలువరించే మార్కుల పట్టికల వరకు మన వృత్తిజీవితం నివేదికల మధ్యనే గడుస్తున్నది. వాటి రూపాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు, ఆ నిర్ణయంలో చదివేవాడికి పాలు ఉన్నదా లేదా అనేది గ్రంథపరిష్కరణ, ముద్రణ చరిత్రలతో సంబంధమున్న ప్రశ్నే.

2. విషయం నుంచి రూపం వేరుపడిన క్రమం

నివేదిక కంప్యూటర్‌కు మొదటి నుంచీ ఉన్న పని. 1959లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 1401 యంత్రం కోసం వచ్చిన ఆర్.పి.జి. అనే భాష పేరులోనే రిపోర్ట్ అనే మాట ఉంది. 1968లో అమెరికా ప్రమాణంగా వెలువడిన కోబాల్ భాషలో రిపోర్ట్ రైటర్ అనే ప్రత్యేక భాగం ఉండేది. ఈ రెండింటిలోనూ రూపం అంటే స్థానమే. ఏ సంఖ్య ఎన్నో నిలువు వరుసలో మొదలుకావాలి, మొత్తం ఏ పంక్తిలో రావాలి అన్నంత వరకే. లైన్ ప్రింటరుకు ఉన్నది ఒకే అక్షరరూపం, ఒకే పరిమాణం కాబట్టి అంతకు మించిన శైలి అవసరం కలగలేదు.

రూపాన్ని విషయం నుంచి విడదీయాలనే ఆలోచన ముద్రణారంగం నుంచి వచ్చింది. 1967 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయంలో జరిగిన సమావేశంలో విలియం టన్నిక్లిఫ్ ఈ విషయంపై చేసిన ప్రసంగాన్ని ఈ చరిత్రకు ఆరంభంగా చెబుతారు. ‘ఇక్కడ లావు అక్షరం పెట్టు’ అని అచ్చుకూర్పరికి చెప్పడానికి బదులు ‘ఇది శీర్షిక’ అని చెప్పి, శీర్షిక ఎలా ఉండాలో మరోచోట నిర్ణయించుకోవడం ఇందులోని సారం. 1969లో ఐ.బి.ఎం.లో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ బృందం రూపొందించిన జి.ఎం.ఎల్., 1980లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ రీడ్ పిహెచ్.డి. పరిశోధనగా వెలువడిన స్క్రైబ్, 1986లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్.జి.ఎం.ఎల్. ఈ దారిలోని మజిలీలు.

మన అచ్చుపుస్తకాలకు ఈ వివేకం కొత్తదేమీ కాదు. సవ్యాఖ్యాన కావ్యాల్లో మూలపద్యాన్ని పెద్ద అక్షరాల్లోనూ, టీకాతాత్పర్యాలను చిన్న అక్షరాల్లోనూ కూర్చడం వావిళ్ల వంటి ముద్రణాలయాల్లో స్థిరపడిన ఆచారం. పుస్తకం మొదట్లో ఒకసారి చేసిన నిర్ణయం చివరి ఆశ్వాసం వరకు నడిచేది. అయితే ఆ నిర్ణయం కూర్పరి మనసులో, చేతివాటంలో ఉండేది. దానిని పేరు పెట్టి, వేరే కాగితం మీద రాసి, కావలసినప్పుడు మార్చడానికి వీలున్న వస్తువుగా చేయడమే స్టైల్ షీట్ చేసిన కొత్త పని.

3. 1994 నాటి ప్రతిపాదన

వెబ్ తొలి రోజుల్లో పత్రం రూపం బ్రౌజరు చేతిలో ఉండేది. టిమ్ బెర్నర్స్-లీ తన తొలి బ్రౌజరులోనే ఒక విధమైన స్టైల్ షీట్‌ను వాడినా, దానిని అందరూ రాసుకొనే భాషగా ప్రకటించలేదు. రచయితలు తమ పేజీ తాము కోరినట్టు కనిపించడం లేదని అసహనపడ్డారు. ఆ అసహనాన్ని తీర్చడానికి కొత్త బ్రౌజర్లు రంగుల, ఫాంట్ల ఆజ్ఞలను పాఠంలోకే చొప్పించసాగాయి. అంటే పాతికేళ్లుగా విడదీస్తూ వచ్చినదాన్ని మళ్లీ కలిపివేయడం మొదలైంది.

ఈ సందర్భంలో 1994 అక్టోబరు 10న, అప్పటికి సెర్న్‌లో పనిచేస్తున్న నార్వే దేశస్థుడు హోకన్ వియమ్ లీ ‘కాస్కేడింగ్ హెచ్.టి.ఎం.ఎల్. స్టైల్ షీట్స్’ అనే ప్రతిపాదనను వెలువరించాడు. స్టైల్ షీట్ అప్పటికే పాత ఆలోచన. ప్రతిపాదనలోని కొత్తదనం అంతా కాస్కేడింగ్ అనే విశేషణంలో ఉంది. ఆ ముసాయిదాలో ప్రతి నియమం పక్కన ఒక శాతం ఉండేది. పెద్ద శీర్షిక 24 పాయింట్లు ఉండాలని కోరి పక్కన 100 శాతం అని రాస్తే అది గట్టి కోరిక. రెండవ స్థాయి శీర్షిక 20 పాయింట్లు ఉండాలని కోరి పక్కన 40 శాతం అని రాస్తే అది మెత్తని కోరిక. మిగిలిన 60 శాతం తర్వాత వచ్చే స్టైల్ షీట్‌కు, చివరకు పాఠకుడి ఇష్టానికి జారుతుంది. జలపాతం ఉపమానం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర కొంత అధికారం నిలిచిపోగా మిగిలినది కిందికి దిగుతుంది. ఆ చివరి మెట్టు మీద పాఠకుడు ఉన్నాడు.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో ఆర్గో అనే బ్రౌజరు కోసం ఇటువంటి భాషనే రూపొందిస్తున్న బెర్ట్ బాస్ తర్వాత లీతో కలిశాడు. 1996 డిసెంబరు 17న సి.ఎస్.ఎస్. మొదటి స్థాయి ప్రమాణంగా వెలువడింది. శాతాల లెక్క అప్పటికి పోయింది. దాని స్థానంలో స్పష్టమైన అంతస్తులు వచ్చాయి. మామూలుగా పాఠకుడి నియమం కంటే రచయిత నియమం బలమైనది. దేనికైనా ‘ముఖ్యం’ అనే ముద్ర వేస్తే దాని బలం పెరుగుతుంది. పాఠకుడూ రచయితా ఇద్దరూ ఆ ముద్ర వేస్తే మొదటి స్థాయిలో రచయితదే గెలుపు.

1998 మే నెలలో వచ్చిన రెండవ స్థాయి ఈ చివరి అంశాన్ని తలకిందులు చేసింది. ఇద్దరూ ‘ముఖ్యం’ అన్నప్పుడు పాఠకుడి మాటే చెల్లాలని నిర్ణయించింది. చూపు మందగించినవారికి పెద్ద అక్షరాలు కావాలి, కొన్ని రంగుల తేడా పోల్చలేనివారికి వేరే రంగులు కావాలి. వారి అవసరం రచయిత సౌందర్యదృష్టి కంటే పెద్దదని ప్రమాణం అంగీకరించింది. ఒక సాంకేతిక పత్రంలో వరుస మారిన రెండు నియమాల వెనుక ఇంతటి విలువల నిర్ణయం ఉండడం గమనించదగినది. నా దృష్టిలో కాస్కేడ్ అనే మాటకు పూర్ణార్థం సిద్ధించినది 1998లోనే.

4. నివేదికలోకి శైలి: బర్ట్ ఉదాహరణ

2004లో ఆక్చుయేట్ అనే అమెరికా సంస్థ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేదికైన ఎక్లిప్స్‌లో చేరి ఒక నివేదికా సాధనాన్ని ప్రతిపాదించింది. దాని పేరు బిజినెస్ ఇంటెలిజెన్స్ అండ్ రిపోర్టింగ్ టూల్స్, పొడి అక్షరాల్లో బర్ట్. మొదటి సంచిక 2005లో వచ్చింది. యాదృచ్ఛికమే అయినా, హోకన్ లీ ఓస్లో విశ్వవిద్యాలయానికి కాస్కేడింగ్ స్టైల్ షీట్లపై తన పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథాన్ని సమర్పించినదీ ఆ సంవత్సరమే.

అంతకు ముందున్న నివేదికా సాధనాల్లో రూపకర్త తెరమీద పెట్టెలు గీసి, ఒక్కొక్క పెట్టెకూ ఫాంటు, రంగు విడివిడిగా ఇచ్చేవాడు. రెండువందల పెట్టెలున్న నివేదికలో ఫాంటు మార్చాలంటే రెండువందల చోట్ల మార్చాలి. కార్యాలయ పత్రాల రంగంలో ఈ బాధకు మందు చాలాకాలం క్రితమే దొరికింది. 1983లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వర్డ్ తొలి సంచికలోనే స్టైల్ షీట్ ఉంది. 2001లో తియోడర్ డాంచు ఆరంభించిన జాస్పర్ రిపోర్ట్స్ కూడా పేరున్న శైలులను, ఒక శైలి మరొకదాని లక్షణాలు తీసుకోవడాన్ని కాలక్రమంలో సమకూర్చుకొంది. బర్ట్ చేసిన విశేషం, శైలుల కోసం సొంత పద్ధతి కల్పించకుండా వెబ్‌లో స్థిరపడిన సి.ఎస్.ఎస్. నమూనాను తీసుకోవడం.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. ఒక విశ్వవిద్యాలయం శాఖలవారీగా పరిశోధకుల సంఖ్య, ఉపకారవేతనాల వ్యయం చూపే వార్షిక నివేదిక తయారుచేస్తున్నదనుకొందాం. బర్ట్‌లో ఈ నివేదిక నమూనా ఒక ఎక్స్.ఎం.ఎల్. ఫైలు. అన్నిటికంటే వెలుపల నివేదిక, అందులో పట్టిక, పట్టికలో వరుస, వరుసలో గడి, గడిలో సమాచారం ఉంటాయి. ‘రిపోర్ట్’ అనే ముందే నిర్ణయమైన పేరుతో ఒక శైలి రాసి అందులో ఫాంటు, నల్లరంగు, 11 పాయింట్ల పరిమాణం అని చెబితే, అడ్డు చెప్పేవారు లేనంతవరకు నివేదికలోని ప్రతి అక్షరానికీ అది వర్తిస్తుంది. ‘టేబుల్ హెడర్’ పేరుతో రాసిన శైలి పట్టికల శీర్షిక వరుసలన్నింటికీ తనంతట తాను పడుతుంది. లేబుల్, డేటా, గ్రిడ్ వంటి అంశాలకూ ఇలాంటి నియతనామాలు ఉన్నాయి. రూపకర్త తన ఇష్టం వచ్చిన పేరుతో కొత్త శైలి సృష్టించుకొని ఫలానా పెట్టెకు తగిలించవచ్చు. వెబ్‌లో ఒక అంశానికి ఎన్ని శైలినామాలైనా కలిపి ఇవ్వవచ్చు కానీ బర్ట్‌లో ఒక అంశానికి అలా తగిలించే పేరు ఒక్కటే.

వీటి మధ్య పోటీ వస్తే బలాబలాలు ఇలా ఉంటాయి. ఆ పెట్టెకే నేరుగా ఇచ్చిన లక్షణం అన్నిటికంటే బలమైనది. తర్వాత దానికి తగిలించిన శైలి, ఆ తర్వాత నియతనామపు శైలి. ఇవేవీ ఆ లక్షణం గురించి మాట్లాడకపోతేనే దానిని ఇముడ్చుకొన్న పై అంశం నుంచి వారసత్వంగా వస్తుంది. చివరిది సాఫ్ట్‌వేరులో ముందే ఉన్న విలువ. అన్ని లక్షణాలూ వారసత్వంగా దిగవు. ఫాంటు, అక్షరాల రంగు, పాఠాన్ని ఎడమకో కుడికో సర్దడం దిగుతాయి. అంచుగీతలు, చుట్టూ వదిలే ఖాళీలు దిగవు. పట్టిక చుట్టూ గీసిన గీత ప్రతి గడికీ, ప్రతి మాటకూ దిగితే నివేదిక గళ్ల లుంగీలా తయారవుతుంది కాబట్టి ఈ వివేచన అవసరమే.

సి.ఎస్.ఎస్.లో లేని కొన్ని అంశాలనూ బర్ట్ శైలిలో చేర్చింది. సంఖ్యల, తేదీల కూర్పు అందులో ఒకటి. 12,34,567 అని రాయాలా 1,234,567 అని రాయాలా అన్నది ఇక్కడ ఫాంటు లాగే ఒక శైలిలక్షణం. రెండవది షరతుల మీద ఆధారపడిన రూపం. వ్యయం కేటాయింపును మించితే ఎర్రని అక్షరాలు, వరుస సంఖ్య సరిసంఖ్య అయితే లేతరంగు నేపథ్యం అని శైలిలోనే రాయవచ్చు. నష్టాన్ని ఎర్రసిరాతో రాసే పాత పద్దుపుస్తకాల ఆచారం ఈ రూపంలో కొనసాగుతున్నది. అయితే ఇక్కడ రూపం విషయం మీద తీర్పు చెబుతున్నదని మరవరాదు. ఎంత మొత్తం దగ్గర ఎరుపు మొదలవ్వాలన్నది అలంకరణ కాదు. ఆ హద్దును శైలిఫైలులో దాచినప్పుడు, అంకెలు మాత్రమే తనిఖీ చేసేవారి కంటికి అది పడదు.

శైలులన్నిటినీ ఒక థీమ్‌గా కూర్చి గ్రంథాలయం వంటి ఫైలులో ఉంచితే సంస్థలోని నివేదికలన్నీ దానిని పంచుకొంటాయి. చిహ్నం రంగు మారితే ఒకచోట మార్చినా చాలు. బయట రాసిన సి.ఎస్.ఎస్. ఫైలును తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. దిగుమతి చేసుకొంటే శైలులు నివేదికలోకి నకలుగా వస్తాయి, తర్వాత మూలఫైలు మారినా వీటికి తెలియదు. లంకె వేసుకొంటే మూలంలోని మార్పు నివేదికకూ అందుతుంది. తాళపత్ర ప్రతుల పాఠభేదాలతో పనిచేసినవారికి నకలు ఎంత త్వరగా మూలం నుంచి దూరమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇక్కడే అర్థసంకోచం కనిపిస్తుంది. బర్ట్ సందర్భంలో శైలులు కాస్కేడ్ అవుతాయి అన్నప్పుడు ప్రధానంగా ఉద్దేశించేది నివేదిక నుంచి పట్టికకు, పట్టిక నుంచి గడికి దిగడాన్నే. సి.ఎస్.ఎస్. పరిభాషలో దాని పేరు వారసత్వం. ప్రాబల్యక్రమం కూడా ఉంది కానీ అందులో పోటీదారులు థీమ్ రాసిన కేంద్ర కార్యాలయం, నివేదిక కూర్చిన రూపకర్త మాత్రమే. 1994లో చివరి మెట్టు మీద నిలబడిన పాఠకుడు ఈ జలపాతంలో లేడు. నివేదికను బ్రౌజరులో చూస్తే అతనికి కొంత అవకాశం మిగులుతుంది. పి.డి.ఎఫ్.గా అందితే పేజీని పెంచి చూసుకోవడం తప్ప గత్యంతరం లేదు.

ఇందులో కుట్ర ఏమీ లేదు. నివేదిక అనే ప్రక్రియ స్వభావమే అటువంటిది. సంతకం పెట్టి దాఖలు చేసే పత్రం అందరికీ ఒకేలా కనిపించాలని సంస్థలు కోరుతాయి. పదో పేజీ మూడో పట్టిక అంటే అందరికీ అదే కావాలి. మాట అర్థాన్ని కుదించినది ఆ అవసరమే. కానీ చూపు సరిగాలేని ఉద్యోగి అదే నివేదికను చదవాల్సి వచ్చినప్పుడు, 1998లో వెబ్ పాఠకుడికి దక్కిన హక్కు అతనికి దక్కదు.

బర్ట్ తర్వాతి చరిత్రను క్లుప్తంగా చెప్పవచ్చు. ఆక్చుయేట్ సంస్థను 2015లో ఓపెన్‌టెక్స్ట్ కొనుగోలు చేసింది. 2018 తర్వాత కొన్నేళ్లు కొత్త సంచికలు ఆగిపోయాయి. స్వచ్ఛంద కార్యకర్తల పూనికతో 2022లో మళ్లీ వెలువడసాగాయి.

5. ఉత్సర్గం, అపవాదం, అనువృత్తి

ఈ నియమాల వ్యవస్థను మొదటిసారి చదివే తెలుగు, సంస్కృత వ్యాకరణ విద్యార్థికి అది పరిచితంగా తోచడం సహజం. సామాన్యవిధి ఉత్సర్గం, విశేషవిధి అపవాదం. అపవాదం ఉత్సర్గాన్ని బాధిస్తుంది. ‘రిపోర్ట్’ శైలిని ‘టేబుల్ హెడర్’ శైలి తన పరిధిలో బాధించడం ఇదే. పూర్వసూత్రంలోని పదం తర్వాతి సూత్రాల్లోకి, ఆపే కారణం దొరికేవరకు నడిచిరావడం అనువృత్తి. పై అంశం ఫాంటు లోపలి అంశానికి, మరొక ఫాంటు అడ్డుపడేవరకు దిగడం దానిని గుర్తుకు తెస్తుంది.

ఇంకొక పోలిక మరింత సూక్ష్మమైనది. రెండు విధులు ఒకేచోట ప్రసక్తమై విరోధించినప్పుడు పరమైన విధి, అంటే తర్వాతిది చెల్లుతుందని అష్టాధ్యాయి ఒకటవ అధ్యాయం నాలుగవ పాదం రెండవ సూత్రానికి సంప్రదాయ వ్యాఖ్యానం. అయితే ఆ రెండు విధులూ తుల్యబలం కలవి అయినప్పుడే ఈ నియమం. సి.ఎస్.ఎస్.లోనూ సరిగ్గా ఇంతే. ముందుగా మూలం, ముద్ర, విశేషత చూస్తారు. అన్నిటా సమానమైతేనే తర్వాత రాసిన నియమానికి గెలుపు. (ఈ పాణినిసూత్రానికి కేంబ్రిడ్జి పరిశోధకుడు ఋషి రాజ్‌పోపట్ చెప్పిన వేరు అర్థం 2022 చివర వార్తల్లోకి వచ్చింది. దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇక్కడి పోలిక సంప్రదాయార్థం మీదనే ఆధారపడింది.)

ఇది సామ్యమే గాని సంబంధం కాదు. సి.ఎస్.ఎస్. రూపకర్తలు పాణినిని చూసి రాశారని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పవలసిన పనీ లేదు. పెద్ద పరిధికి తక్కువ మాటల్లో నియమాలు రాయబూనిన వారెవరికైనా సామాన్యం, విశేషం, క్రమం అనే మూడు ఉపాయాలు తటస్థపడతాయి. తేడా మాత్రం గట్టిది. వ్యాకరణం సాధించేది ఒక సాధురూపాన్ని. 1994 నాటి కాస్కేడ్ లక్ష్యం ఒకే పాఠానికి పాఠకుడి కొద్దీ పలు రూపాలు. ఒకే ఒక స్థిరరూపాన్ని కోరే నివేదికా శైలి, విచిత్రంగా, వెబ్ కంటే వ్యాకరణానికే దగ్గర.

6. తెలుగు అక్షరం, శైలి

పైన చెప్పినదంతా ఒక షరతు మీద నిలుస్తుంది. ఫాంటు మారినా అక్షరం మారకూడదు. ఇంగ్లీషు పత్రానికి ఈ షరతు గురించి ఆలోచించే అవసరమే రాలేదు. తెలుగు పత్రానికి చాలాకాలం ఈ షరతు నెరవేరలేదు.

అను వంటి ముద్రణ ఫాంట్లలో తెలుగు అక్షరాల తునకలు, తలకట్లు, గుడులు, వత్తులు ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో కూర్చి ఉంటాయి. ఫైలులో నిలవ ఉండేది ఆ స్థానాల వరుసే. తెరమీద తెలుగుగా కనిపించేది ఫాంటు వేసిన వేషం. అటువంటి పాఠానికి ‘ఫాంటు మార్చు’ అనే శైలినియమం తగిలితే తెలుగు మాయమై అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు మిగులుతాయి. ఇంగ్లీషులో ఫాంటు శైలి. ఈ పద్ధతిలో ఫాంటే లిపి. విషయాన్ని రూపం నుంచి విడదీయడం 1967 నుంచి ప్రపంచం సాధిస్తూ వస్తుంటే, మన డి.టి.పి. వాటిని విడదీయలేని విధంగా అతికించింది. ఆనాటి యంత్రాల పరిమితుల్లో తెలుగును అచ్చువేయడానికి దొరికిన దారి అదే కాబట్టి నిందించి ప్రయోజనం లేదు. కానీ ఆ దారిలో కూర్చిన పరిశోధనగ్రంథాలు, శాఖల నివేదికలు నేడు వెతకడానికి లొంగవు, కొత్త శైలికి ఒదగవు. వెబ్‌లోనూ ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటుతో వెలువడిన రోజుల్లో, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదువుకోవడానికి నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ వంటి సాధనాలు అవసరమయ్యాయి. పాఠకుడే తన వంతు కాస్కేడ్‌ను తానే నిర్మించుకొన్నాడన్నమాట.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల విభాగం ఉంది. అది వాడుకలోకి రావడానికి విండోస్ ఎక్స్.పి.తో వచ్చిన గౌతమి, దేశికాచారి రూపొందించిన పోతన వంటి ఫాంట్ల దాకా ఆగవలసి వచ్చింది. యూనికోడ్‌లో ‘రాష్ట్రం’ అనే మాట 8 సంకేతాల వరుస. అది ఏ ఫాంటులోనైనా రాష్ట్రమే. తెలుగు పాఠానికి శైలి అనేది నిజంగా సాధ్యమైంది అప్పుడే.

అయినా నివేదికల్లో చిక్కు పూర్తిగా తీరలేదు. యూనికోడ్ ఇచ్చేది వరుసను మాత్రమే. ఆ వరుసను చూసి ష కింద ట వత్తునూ, ర వత్తునూ సరిగా పేర్చే పనిని వేరొక యంత్రాంగం చేయాలి. బ్రౌజర్లలో అది ఉంది. బర్ట్ పి.డి.ఎఫ్. తయారీకి చాలాకాలం వాడిన ఐటెక్స్ట్ లైబ్రరీ పాత సంచికల్లో భారతీయ లిపులకు ఆ ఏర్పాటు లేదు. ఐటెక్స్ట్‌లో ఈ లిపుల కోసం ప్రత్యేక అనుబంధం 2016 నుంచి మాత్రమే వచ్చింది. అందువల్ల తెరమీద సవ్యంగా కనిపించిన నివేదిక పి.డి.ఎఫ్.లో పొల్లులు, విడి హల్లులుగా చెదిరిపోయేది. శైలిలో ఎన్ని నియమాలు రాసినా ఈ లోపం తీరదు. ఎందుకంటే ఇది శైలికి దిగువనున్న మెట్టు.

దిగిరావడం వల్ల కలిగే మరికొన్ని ఇబ్బందులు చిన్నవిగా కనిపించినా రోజూ ఎదురయ్యేవి. ఇంగ్లీషు నివేదికల కోసం రాసిన థీమ్‌లో గ్రంథనామాలకు ఇటాలిక్ ఉంటుంది. తెలుగు ముద్రణలో ఇటాలిక్ సంప్రదాయం లేదు. చాలా తెలుగు ఫాంట్లకు ఆ రూపమే లేనందున సాఫ్ట్‌వేరు నిలువు అక్షరాన్ని పక్కకు వంచి చూపుతుంది. ఇంగ్లీషుకు చాలిన పంక్తి ఎత్తు తెలుగులో కింది వత్తులకూ, తర్వాతి పంక్తిలోని గుడులకూ చాలదు. గడి ఎత్తు స్థిరంగా ఉంటే వత్తులు తెగిపోతాయి. శీర్షికల్లో అక్షరాల మధ్య దూరం పెంచే అలవాటు తెలుగుకు వచ్చేసరికి కొన్నిచోట్ల వత్తును అక్షరం నుంచి విడదీస్తుంది. సి.ఎస్.ఎస్. రెండవ స్థాయిలో భాషను బట్టి నియమం రాసే వీలు ఉంది. ఇది తెలుగు అని గుర్తించిన పాఠానికి వేరే పంక్తి ఎత్తు ఇవ్వవచ్చు. బర్ట్ శైలుల్లో నియతనామాలు, స్వయంగా పెట్టుకొన్న పేర్లు తప్ప అటువంటి ఎంపిక లేదు. కాబట్టి తెలుగు గడులన్నిటికీ ‘తెలుగుపాఠం’ వంటి ఒక పేరు పెట్టి చేతితో తగిలించడమే ఆచరణలో మిగిలిన ఉపాయం. ద్విభాషా నివేదికలో ఒకే గడిలో రెండు భాషలు ఉంటే ఇదీ చాలదు.

మన విభాగాల్లో నేడు సమర్పిస్తున్న సిద్ధాంతగ్రంథాలు చాలావరకు యూనికోడ్‌లోనే ఉన్నాయి. అయినా ప్రతి శీర్షికనూ విడిగా ఎంపిక చేసి లావు చేయడం, ఎంటర్ మీట పదేపదే నొక్కి కొత్త పేజీకి పోవడం ఇంకా కనిపిస్తున్నది. అటువంటి ఫైలు విశ్వవిద్యాలయ ఖజానాలోకి చేరాక అందులో ఏది అధ్యాయమో, ఏది ఉల్లేఖనమో యంత్రానికి తెలియదు. చూపులేని పరిశోధకుడు తెరచదువరి సాఫ్ట్‌వేరుతో దానిని తెరిస్తే శీర్షిక నుంచి శీర్షికకు దాటలేక మొదటి పుట నుంచి వరుసగా వినవలసిందే. శీర్షికకు శీర్షిక అని పేరుపెట్టి శైలి తగిలించిన గ్రంథంలో అతను మూడవ అధ్యాయానికి ఒక్క మీటతో చేరుకొంటాడు.